పెద్ద అక్షరాలు

నాకు దూరపు చూపు సరిగా లేదని మొట్టమొదట కనిపెట్టినది కళ్ళ డాక్టరు కాదు, మా అమ్మానాన్నలూ కాదు. తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చున్న కుర్రవాడు. ఆ సంగతి వాడు ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు.

వాడి పేరు ఇక్కడ రాయను. రాయవచ్చునా అని వాళ్ళ ఇంట్లోవాళ్ళను అడగలేదు. అయినా మేమిద్దరం ఒకరినొకరం పేరు పెట్టి పిలుచుకున్నది చాలా తక్కువ. ‘ఒరేయ్’ అంటే సరిపోయేది. ఇన్నేళ్ళుగా మనసులో తలచుకున్నా ‘వాడు’ అనే తలచుకుంటాను. అందుకే ఇక్కడ కూడా వాడు అనే రాస్తున్నాను.

అది 1985. తొమ్మిదో తరగతి మొదలైన రోజున మాస్టారు అందరినీ ఎత్తు ప్రకారం కూర్చోబెట్టారు. సెలవుల్లో నేను ఒక్కసారిగా పొడుగెదిగాను. దాంతో రెండో బెంచీలో ఉండవలసినవాణ్ణి చివరి బెంచీకి చేరాను. ఆ రోజే నాకు అర్థమైంది, నల్లబల్ల మీద రాత నాకు కనిపించడం లేదని. మాస్టారి చేయి కదలడం తెలిసేది. చేయి కదిలిన చోటల్లా తెల్లటి మరక మిగిలేది. ఆ మరకను మిగిలినవాళ్ళంతా గబగబా పుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు.

ఇంట్లో చెప్పి ఉంటే వారం రోజుల్లో తీరిపోయే ఇబ్బంది అది. చెప్పలేదు. మా తరగతిలో కళ్ళజోడు ఉన్న పిల్లవాడు ఒక్కడే ఉండేవాడు. వాణ్ణి అందరూ ఏమని పిలిచేవారో నాకు తెలుసు. అలా పిలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

తర్వాత పరీక్ష చేయిస్తే నా చూపు మైనస్ 2.5 అని తేలింది. అంటే కంటికి 40 సెంటీమీటర్ల అవతల ఉన్నదేదీ నాకు స్పష్టంగా ఉండదన్నమాట. తెరిచిన పుస్తకం ఆ హద్దులో ఉంటుంది, నల్లబల్ల ఉండదు. పక్కవాడి నోటుపుస్తకం, కొంచెం వంగితే, ఉంటుంది.

వంగడం మొదలుపెట్టాను. వాడు మొదట్లో ఒకటి రెండుసార్లు నా వైపు చూశాడు. ఆ తర్వాత పుస్తకాన్ని మా ఇద్దరికీ మధ్యకు జరిపి, కొంచెం ఏటవాలుగా పెట్టి రాయడం అలవాటు చేసుకున్నాడు. వాడి అక్షరాలు పెద్దవి. ఒక గీత వదిలి ఒక గీత మీద రాసేవాడు. పేజీకి పన్నెండు వరుసలకు మించి పట్టేవి కావు. ఏడాది సగం గడిచేలోపే పుస్తకాలు నిండిపోయేవి. కాగితం దండగ చేస్తున్నాడని లెక్కల మాస్టారు చాలాసార్లు కోప్పడ్డారు. ఒకసారి స్కేలు నిలువుగా పట్టుకుని వేళ్ళ మీద కొట్టారు కూడా. వాడు చేయి ఒకసారి విదిల్చి, అదే పేజీలో, అంతే పెద్దగా, మిగిలిన లెక్క పూర్తి చేశాడు. వాడి రాతే అంత అనుకున్నాం అందరం. నేనూ అలాగే అనుకున్నాను.

వాడికి ఆకాశం అంటే పిచ్చి. పిచ్చి అనే మాట తేలికగా వాడటం లేదు. దినపత్రికలో నక్షత్రాల గురించి ఏం పడినా కత్తిరించి దాచేవాడు. ఒక పొడుగాటి అట్టపుస్తకంలో తేదీ వేసి, ఏ రాత్రి ఏం చూశాడో రాసుకునేవాడు. ఆ ఏడాది హాలీ తోకచుక్క వస్తోందని రేడియోలో, పత్రికల్లో ఒకటే మాట. మిగిలినవాళ్ళకు అదొక వార్త. వాడికి ఇంటికి వస్తున్న చుట్టం.

ఎడ్మండ్ హాలీ కథ నేను పాఠాల్లో చదువుకోలేదు, వాడి నోట విన్నాను. 1531లో, 1607లో, 1682లో కనిపించిన తోకచుక్కలు మూడు కావు, ఒకటేనని హాలీ 1705లో లెక్క తేల్చాడు. అది మళ్ళీ 1758లో వస్తుందని చెప్పాడు. కానీ 1742లోనే చనిపోయాడు. వాడు ఇక్కడ ఆగేవాడు. ఎన్నిసార్లు చెప్పినా సరిగ్గా ఇక్కడే ఆగి నా మొహం చూసేవాడు. “ఒరేయ్, లెక్క కట్టినవాడు చూడలేదు. చెప్పిన ఏడాది ఇంకో వారంలో అయిపోతుందనగా, డిసెంబరు 25 రాత్రి ఒక రైతు చూశాడు.” ఆ రైతు జర్మనీలోని పాలిచ్. పొలం పనులు చేసుకుంటూ, సొంతంగా ఖగోళశాస్త్రం నేర్చుకున్న మనిషి. హాలీ కన్నా పాలిచ్ అంటేనే వాడికి ఎక్కువ ఇష్టం. “వాడు చెప్పాడని వీడు నమ్మి వెతికాడు చూడు” అనేవాడు.

అరుంధతి సంగతి ఇక్కడే చెప్పాలి. ఒక సాయంత్రం చదువు ముగించుకుని వాళ్ళ డాబా మీద నిలబడ్డాం. సప్తర్షి మండలం అప్పుడే ఈశాన్యాన పైకి వస్తోంది. తోక మధ్యలో ఉన్న వసిష్ఠుణ్ణి చూపించి, “పక్కన అరుంధతి కనిపిస్తోందా?” అని అడిగాడు. అరుంధతి కనిపిస్తే చూపు బాగున్నట్లు లెక్క అని ఎంతో కాలంగా ఉన్న మాటే. కనిపిస్తోందన్నాను. “ఏ పక్కన?” అన్నాడు. తోచిన పక్కకు వేలు చూపించాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వేరే ఏదో మాట ఎత్తాడు.

నిజానికి నాకు అరుంధతి కాదు, వసిష్ఠుడే సరిగా కనిపించలేదు. హ్రస్వదృష్టి ఉన్న కంటికి చుక్క చుక్కలా ఉండదు. వెలుగు ఒక చోట నిలవక చుట్టూ పరుచుకుని, నీళ్ళలో పడిన సున్నపు బొట్టులా అవుతుంది. నక్షత్రాలు అందరికీ అలాగే ఉంటాయని నేను అప్పటివరకు నమ్మాను. బొమ్మల్లో వాటికి కొనదేలిన మొనలు ఎందుకు వేస్తారో నాకు అర్థమయ్యేది కాదు.

1986 మార్చి 16, ఆదివారం. ఆ తేదీ నాకు ఇప్పుడు ఖచ్చితంగా తెలుసు, ఎందుకు తెలుసో తర్వాత చెప్తాను. రెండు రోజుల ముందే జొట్టో అనే అంతరిక్ష నౌక హాలీకి 600 కిలోమీటర్ల దగ్గరి దాకా వెళ్ళింది. తోకచుక్క నడిబొడ్డున ఉన్నది బొగ్గు కన్నా నల్లటి ముద్ద అని, పొడవు 15 కిలోమీటర్లని తెలిసింది. వాడు ఆ వార్త చదివిన దగ్గర నుంచి కుదురుగా లేడు. శనివారం రాత్రి నేను వాళ్ళింట్లోనే పడుకున్నాను. వాళ్ళ నాన్నగారి అలారం గడియారం అడిగి తెచ్చుకుని, అది మోగితే ఇల్లంతా లేస్తుందని దిండు కింద పెట్టుకున్నాడు. మోగకముందే లేచి నన్ను తట్టాడు. నాలుగు దాటింది. డాబా మెట్లు చల్లగా ఉన్నాయి. చంద్రుడు ఎప్పుడో అస్తమించాడు.

ఆగ్నేయం వైపు తిరిగి నిలబడ్డాం.

చాలాసేపటికి వాడు ఊపిరి ఒక్కసారి లోపలికి తీసుకోవడం వినిపించింది. నా భుజం పట్టుకుని, వేలు చాచి, చూపించాడు. నాకేమీ కనిపించలేదు. నలుపు, అందులో నాలుగైదు మసక మరకలు. వాటిలో ఏది తోకచుక్కో, అసలు అందులో ఉందో లేదో తెలియలేదు. అప్పుడు వాడు చెప్పడం మొదలుపెట్టాడు. “ఆ చెట్టు కొమ్మ చివర నుంచి రెండు జానలు పైకి రా. అక్కడ దూదిపింజలా ఉంది చూడు. అది తల. అక్కడి నుంచి పైకి, కొంచెం కుడివైపుకు, నోటితో ఊదిన ఆవిరిలా సన్నగా వెళ్ళింది. అది తోక. నేరుగా చూడకు, పక్కకు చూస్తే ఇంకా పొడుగ్గా కనిపిస్తుంది.” అంత వివరంగా వాడు ఇంతకు ముందు ఏదీ చెప్పలేదు. వాడు మాట్లాడుతున్నంతసేపు చేయి నా భుజం మీదే ఉంది.

“చూశావా?” అన్నాడు.

“చూశాను” అన్నాను.

ఆ మర్నాడు సోమవారమే, తరగతిలో అందరి ముందూ నేను హాలీ తోకచుక్కను వర్ణించాను. దూదిపింజ, ఆవిరి, పక్కకు చూస్తే పొడుగవడం, అన్నీ. చుట్టూ పిల్లలు మూగారు. మాస్టారు కూడా ఆగి విన్నారు. వాడు పక్కనే కూర్చుని, తన అట్టపుస్తకం తెరిచి, తాను గీసిన బొమ్మను నా ముందుకు జరిపాడు, నేను చెప్తున్నప్పుడు చూసుకోవడానికి వీలుగా. ఒక్క మాట కూడా దిద్దలేదు.

ఆ రాక నిజానికి చాలా పేలవమైనదని ఇప్పుడు అంటారు. ఫిబ్రవరి 9న అది సూర్యుడికి అతి దగ్గరగా వచ్చినప్పుడు భూమి సూర్యుడికి అవతలి పక్కన ఉంది. రెండు వేల ఏళ్ళలో హాలీ ఇంత మసకగా ఎప్పుడూ కనిపించలేదట. వాడి ముందు ఎవరైనా ఆ మాట అంటే ఒప్పుకునేవాడు కాదు. “వచ్చింది కదా” అనేవాడు.

తర్వాతిసారి 2061. వాడు అప్పుడే లెక్క కట్టేశాడు. “మనకు 89. తొంభై నిండవు. ఇద్దరం చూస్తాం.” నేను సరేనన్నాను. పద్నాలుగేళ్ళ వయసులో 89 అంటే అంకె మాత్రమే.

పదో తరగతిలో కంటి దోషాల పాఠం వచ్చింది. ప్రతిబింబం రెటీనాకు ముందే పడటం, పుటాకార కటకంతో సరిచేయడం, ఆ బొమ్మలన్నీ. ఆ రోజు వాడు నన్ను మోచేత్తో మెల్లగా పొడిచాడు. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

1987లో బడి అయిపోయింది, ఊళ్ళు మారాయి. ఒకరోజు రోడ్డు మీద నిలబడి, ఎదురుగా వస్తున్న బస్సు నంబరు చదవలేక నాన్నను అడిగాను. నాన్న అక్కడికక్కడే దూరంగా ఉన్న రెండు మూడు బోర్డులు చూపించి చదవమన్నారు. అలా ఆ ఏడాది నాకు కళ్ళజోడు వచ్చింది. అది పెట్టుకున్న మొదటి రాత్రి బయటికి వచ్చి తలెత్తాను. నక్షత్రాలు చుక్కలు! సూదితో పొడిచినట్లు, ఒక్కొక్కటీ వేరువేరుగా. గొల్లకావడిలోని మూడింటిని మూడుగా చూశాను. ఇన్నాళ్ళూ వాడు చూస్తున్న ఆకాశం ఇదన్నమాట అనిపించి, గొంతు పట్టేసింది. మర్నాడే ఉత్తరం రాశాను.

వాడి దగ్గర నుంచి జవాబు వచ్చింది. చింపి చూసి, మొదట ఎవరి ఉత్తరమో అనుకున్నాను. చీమల బారులా సన్నటి, ముచ్చటైన రాత. ఒక కాగితంలో మూడు కాగితాల మాటలు పట్టాయి. మొదటి వాక్యం నాకు కంఠతా వచ్చు: “కళ్ళజోడు వచ్చిందన్నావు, సంతోషం. అయితే ఇక మామూలుగానే రాస్తాను.”

ఆ వాక్యం దగ్గర నేను ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. పేజీకి పన్నెండు వరుసలు. స్కేలు దెబ్బ. ఏటవాలుగా పెట్టిన పుస్తకం. రెండేళ్ళపాటు ఒక పిల్లవాడు తన చేతిరాతనే మార్చుకున్నాడు, పక్కవాడి పరువు కోసం.

ఆ తర్వాతే రెండో ఆలోచన వచ్చింది. నాకు నల్లబల్ల కనిపించదని తెలిసినవాడికి, ఆ తెల్లవారుజామున నాకేం కనిపించి ఉంటుందో కూడా తెలిసే ఉంటుంది.

అప్పుడే రాసేయవలసింది. ఒరేయ్, నేను తోకచుక్కను చూడలేదు, అబద్ధం చెప్పాను అని. నాలుగు మాటలు. రాయలేదు. వాడు ఇంకో అవకాశం కూడా ఇచ్చాడు. 1997లో హేల్-బాప్ తోకచుక్క వచ్చింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో సాయంత్రం కాగానే వాయవ్యాన, ఎవరూ చూపించనక్కరలేకుండా, దానంతట అదే కనిపించేది. అప్పుడు వాడు ఒక ఊళ్ళో, నేను ఒక ఊళ్ళో ఉద్యోగాల్లో ఉన్నాం. ఉత్తరం రాశాడు: “ఈసారి కళ్ళజోడు శుభ్రంగా తుడుచుకుని చూడు. నేనిక్కడ ఏడున్నరకు చూస్తాను, నువ్వక్కడ అప్పుడే చూడు.” చూశాను. ఎంత బాగుందో రెండు పేజీలు రాశాను. అసలు రాయవలసింది మాత్రం మళ్ళీ రాయలేదు.

తర్వాత పెళ్ళిళ్ళు, పిల్లలు, బదిలీలు. ఉత్తరాలు ఆగాయి. దాదాపు పదేళ్ళు ఒకరి గొంతు ఒకరం వినలేదు. దానికి ఏ కారణమూ లేదు, అందుకే దాన్ని తలచుకుంటే ఎక్కువ బాధ. మళ్ళీ ఫోన్లు మొదలయ్యాక మధ్యలో ఏమీ జరగనట్లే మాట్లాడుకున్నాం.

2023 మొదట్లో వాడికి జబ్బు చేసింది. దాని పేరు, వైద్యం, ఆ నెలలు, వాటి గురించి రాయాలని లేదు. జూలైలో వెళ్ళి రెండు రోజులు ఉన్నాను. చాలా చిక్కిపోయాడు. కానీ మాట మారలేదు. “డిసెంబరు 9 గుర్తుపెట్టుకో” అన్నాడు. ఏమిటంటే, ఆ రోజు హాలీ తన దారిలో చిట్టచివరి కొసకు, నెప్ట్యూన్ అవతలికి, చేరుతుంది. సూర్యుడి నుంచి భూమి ఉన్న దూరానికి 35 రెట్ల దూరం. సూర్యుడి దగ్గర సెకనుకు 54 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయినది అక్కడ సెకనుకు ఒక కిలోమీటరు కూడా వెళ్ళదు. “ఇన్నాళ్ళూ దూరమవుతూ ఉంది. ఆ రోజు నుంచి ఇటు తిరుగుతుంది” అన్నాడు.

చెప్దామని నోటిదాకా వచ్చింది. అప్పుడే వాడు వాళ్ళ అమ్మాయి చదువు గురించి ఏదో అడిగాడు. తర్వాత అలసిపోయి కళ్ళు మూసుకున్నాడు. నేను మంచం పక్కన కూర్చుని, రేపు పొద్దున్న చెప్దాంలే అనుకున్నాను. పొద్దున్న గది నిండా మనుషులు.

ఆగస్టులో పోయాడు. వాడికి 51.

డిసెంబరు 9 రాత్రి నేను బయట నిలబడ్డాను. ఆ దూరంలో ఉన్న దాన్ని ఏ కన్నూ చూడలేదని తెలుసు. అయినా నిలబడ్డాను.

కొన్ని నెలల తర్వాత వాడి భార్య ఫోను చేసింది. “అన్నయ్యగారూ, ఆయన అట్టపుస్తకం ఒకటి మీకివ్వమని చెప్పారు. ఎప్పుడు వస్తారు?” వెళ్ళాను. పాత గుడ్డలో చుట్టి, నా చేతికిచ్చింది. అక్కడ తెరవలేకపోయాను. ఇంటికి తెచ్చి, ఒక్కణ్ణే కూర్చుని తెరిచాను.

పుస్తకమంతా ఆ సన్నటి రాతే, చీమల బారులు. చిన్నప్పటి పేజీలతో సహా. 1984 నుంచి తేదీలున్నాయి. గ్రహణాలు, ఉల్కలు, మబ్బుల వల్ల చూడలేకపోయిన రాత్రులు. తన కోసం తాను రాసుకున్నది కాబట్టి ఎవరికీ కనిపించనవసరం లేదు. మధ్యలో ఒకే ఒక్క పేజీ వేరుగా ఉంది. ‘16-3-1986, ఆదివారం, ఉదయం 4.25, ఆగ్నేయం.’ అంగుళమంత అక్షరాలు. కింద పేజీ అంతా నిండేలా పెన్సిలుతో గీసిన తోకచుక్క, చుట్టూ బాగా నల్లగా రుద్ది, తలను తెల్లగా వదిలి. కళ్ళజోడు తీసి, చేయి చాచి పట్టుకుని చూశాను. కొంచెం మసకగానైనా ఏముందో తెలుస్తోంది. అడుగున రెండు మాటలు: ‘ఇద్దరం చూశాం.’

ప్రతి అక్టోబరులో ఓరియనిడ్ ఉల్కలు రాలుతాయి. హాలీ వెనక వదిలిన ధూళిలోంచి భూమి వెళ్ళినప్పుడు, ఆ రేణువులు సెకనుకు 66 కిలోమీటర్ల వేగంతో వచ్చి పైన కాలిపోతాయి. అందులో మేము నిలబడిన ఆ తెల్లవారుజామున రాలిన రేణువు ఒక్కటైనా ఉండాలని నాకు చాలా ఆశ. ఉండదు. ఇప్పుడు కనిపించేవి ఎన్నో వందల ఏళ్ళ కిందట విడివడినవి. వాడైతే నన్ను ఆ తప్పు చేయనిచ్చేవాడు కాదు, అందుకే రాస్తున్నాను.

2024లో పౌర్ణమి వెళ్ళి నాలుగు రోజులే అయింది. వెన్నెలలో ఏమీ తేలలేదు. పోయినేడు, 2025లో, సరిగ్గా అమావాస్య వేళ కుదిరింది. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, కుర్చీ వేసుకుని, వాడి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గొల్లకావడి బాగా పైకి వచ్చి ఉంది. మొదటి అరగంట ఏమీ లేదు. తర్వాత ఒకటి, నెత్తి మీదుగా, తెల్లటి గీత గీసినట్లు వెళ్ళి ఆరిపోయింది. నోటి నుంచి “ఒరేయ్” అనే మాట దానంతట అదే వచ్చింది. పక్కన కుర్చీ లేదు.

పుస్తకంలో చివరి పేజీలు కొన్ని ఖాళీగా ఉన్నాయి. వాడు రాసి ఆపిన పేజీ పక్కన తేదీ వేసి, ఒక గీత వదిలి ఒక గీత మీద, నా చేతనైనంత పెద్దగా రాశాను.

‘22-10-2025. ఉదయం 3.10 నుంచి 4.50 వరకు. చంద్రుడు లేడు. తూర్పున కొద్దిగా మబ్బు. ఉల్కలు 6. 16-3-1986న నాకేమీ కనిపించలేదు. ఈ ఆరు మాత్రం కళ్ళజోడుతో చూశాను.’